స్టేషన్ బుక్ స్టాల్‌లో తొమ్మిదేళ్ళుగా కొంటున్నాను: మంచి చెడూ రెండూ

సోమవారం పొద్దున్నే మా ఊరి చిన్న స్టేషన్‌లో బండెక్కి విజయవాడ వెళ్ళడం, శుక్రవారం రాత్రికి తిరిగి రావడం, తొమ్మిదేళ్ళుగా నాకిదే పని. మా స్టేషన్‌లోనూ, దారిలో బండి కాసేపు ఆగే ఓ పెద్ద స్టేషన్‌లోనూ ఒకే కంపెనీ బోర్డున్న స్టాళ్ళున్నాయి. పేరు చెప్పను, అవసరం లేదు. వాటిలో ఏం దొరుకుతాయో రైలెక్కే ఎవరికైనా తెలుసు.

నాకు ఆ బోర్డు మీద ఇష్టం పుట్టింది ఒక్క సోమవారం వల్ల. మా దగ్గర బండి ఆగేది రెండే నిమిషాలు. పేపరు, వారపత్రిక, రైల్వే వాళ్ళ సొంత మంచినీళ్ళు రైల్ నీర్ సీసా తీసుకుని డబ్బు కట్టడానికి స్కాన్ చేశాను. సిగ్నల్ లేదు, ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంది, జేబులో చూస్తే ఒకటే ఐదు వందల నోటు, ఈలోగా గార్డు ఈల వేశాడు. సరుకు తిరిగి పెట్టేయబోతుంటే స్టాల్ బాబాయి "ఎక్కండి సార్ ముందు, డబ్బులెక్కడికి పోతాయండీ" అంటూ పేపరు నా చంకలో కుక్కాడు. తర్వాతి సోమవారం లెక్కకు సరిపడా చిల్లర పట్టుకెళ్తే తీసుకోలేదు. "ఆ రోజే పడిపోయాయండి, మీ పెట్టె ప్లాట్‌ఫాం దాటుతుంటే ఈ సౌండ్ బాక్స్ అరిచింది" అన్నాడు. నేనైతే బ్యాంకు మెసేజ్ చూసుకోనే లేదు, ఆయన నోరు మెదపకపోతే రెండోసారి ఇచ్చేసేవాణ్ణి.

ఇక ఆ రోజు నుంచి కనపడినవాళ్ళందరికీ ఈ కంపెనీ స్టాల్ అంటే కళ్ళు మూసుకుని కొనొచ్చని చెప్పుకొచ్చాను. అక్కడే తొందరపడ్డాను.

పెద్ద స్టేషన్‌లో అదే బోర్డు, అదే రంగు. రైల్ నీర్ అడిగితే పేరు తెలియని ఏదో సీసా చేతిలో పెట్టి ఇరవై తీసుకున్నాడు. లీటరు రైల్ నీర్ అప్పటికి 15 కదా అంటే "కూలింగ్ ఉంటుంది కదండీ" అన్నాడు. బిల్లు అడిగితే మిషన్ పాడైందన్నాడు. బిల్లు ఇవ్వకపోతే డబ్బు కట్టక్కర్లేదని రాసిన బోర్డు అతని తల వెనకే ఉంది, కాకపోతే దాని మీద చిప్స్ ప్యాకెట్ల దండలు వేలాడుతూ చివరి రెండు అక్షరాలే కనిపిస్తున్నాయి. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేద్దామనుకునేలోపే బండి కదిలింది, ఇరవై ఇరవైగానే పోయింది. తర్వాత తెలిసిందేమంటే బోర్డు కంపెనీదే గానీ కూర్చునే మనిషి కమీషన్ మీదో కాంట్రాక్టు మీదో ఉంటాడట. ఒకచోట మంచి జరిగిందని ఇంకోచోట జరగాలని లేదు.

పేపరు కోసమే వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. 2017లో బుక్ స్టాళ్ళని అన్నీ అమ్ముకునే మల్టీపర్పస్ స్టాళ్ళుగా మార్చే పాలసీ వచ్చింది. మా దగ్గర అప్పటి నుంచి పుస్తకాలు ఒక్కో అర చొప్పున కిందికి దిగుతూ వచ్చి ఇప్పుడు బిస్కెట్ల అట్టపెట్టెల వెనక ఉన్నాయి. నా వారపత్రిక బాబాయి అడక్కుండానే తీసి ఉంచుతాడు కాబట్టి నాకు ఇబ్బంది లేదు. ముఖం తెలియనివాళ్ళు మాత్రం వంగి వెతుక్కోవాల్సిందే.

అందుకని వెళ్ళమనీ చెప్పను, మానమనీ చెప్పను. వారం వారం కనిపించే మనిషిని కాబట్టి నా స్టాల్ నాకు బాగానే జరుగుతోంది. పిల్లల్ని వేసుకుని ఏడాదికోసారి రైలెక్కేవాళ్ళయితే నీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి, లేదా సీసా మీద పేరూ ధరా చూశాకే డబ్బు తీయండి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ తగ్గాక లీటరు రైల్ నీర్ 14 అయింది, పదిహేను ఇస్తే ఆ రూపాయి చాక్లెట్‌గా వస్తోంది. మా ఇంట్లో హార్లిక్స్ సీసా నిండా అవే. నిజం చెప్పాలంటే అందులో సగం బాబాయి ఇచ్చినవే.