గేమింగ్ వీడియోల ఎడిటింగ్‌కి రిజాల్వా, షాట్‌కట్టా?

కొత్తగా గేమింగ్ వీడియోలు మొదలుపెట్టినవాళ్లు ఎవరిని అడిగినా ఒకటే జవాబు, డావించి రిజాల్వ్ వేసుకో, ఫ్రీయే కదా అని. ఫ్రీ మాట నిజమే. ఆ ఫ్రీ వెర్షన్‌లోనే 4కే, 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 60 ఫ్రేములు) దాకా ఎక్స్‌పోర్ట్ అవుతుంది, డబ్బు కట్టాల్సిన స్టూడియో ఎఫెక్టుల జోలికి పోనంతవరకు వాటర్‌మార్క్ కూడా పడదు. మరి మీ లాప్‌టాప్ సంగతేంటి? 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే హాయిగా నడుస్తుంది. కాలేజీ కోసం కొన్న 8 జీబీ లాప్‌టాప్‌లో మాత్రం క్లిప్ కాస్త జరిపితే చాలు ఫ్యాన్ మిక్సీలా మోగుతుంది, ప్రివ్యూ ఆగి ఆగి కదులుతుంది.

అలాంటి మెషీన్‌కి షాట్‌కట్ మేలు. ఓపెన్ సోర్స్, అంటే ఇదీ ఫ్రీయే, చూడ్డానికి కాస్త పాత వాలకం, అయినా మొదట్లో మనం చేసేదేముంది, గంట గేమ్‌ప్లేలో పనికొచ్చే పది నిమిషాలు ఉంచుకుని మిగతాది కోసెయ్యడమే. ఎస్ నొక్కితే క్లిప్ తెగుతుంది, ఎక్స్ నొక్కితే ఆ ముక్క పోయి వెనకది వచ్చి అతుక్కుంటుంది. ఈ రెండు మీటలతో సగం పని అయిపోతుంది.

ఫోన్‌లో బీజీఎమ్ఐ ఆడుతూ స్క్రీన్ రికార్డ్ చేసేవాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. ఆ ఫైళ్లలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, ఎడిట్ చేస్తుంటే సౌండ్ మెల్లగా జారిపోయి, చివరికొచ్చేసరికి అవతలివాడు పడిపోయాక మన తుపాకీ మోగుతుంది! షాట్‌కట్ అలాంటి ఫైల్‌ని తెరవగానే పట్టేసి, మార్చమంటారా అని అడుగుతుంది. సరే అనండి, కాకపోతే మార్చిన ఫైల్ బాగా బరువెక్కుతుంది, డిస్క్‌లో ఖాళీ చూసుకోండి.

సౌండ్ దగ్గర మాత్రం నా ఓటు రిజాల్వ్‌కే. కంప్యూటర్‌లో స్క్రీన్ రికార్డ్ చేసే ఓబీఎస్‌లో మైక్ ఒక ట్రాక్‌లో, గేమ్ సౌండ్ ఇంకో ట్రాక్‌లో రికార్డ్ చేస్తే రిజాల్వ్ రెండింటినీ విడివిడిగా పరిచేస్తుంది, నా అరుపు మీద బాంబుల మోత పడితే ఆ ట్రాక్ ఒక్కటే తగ్గించుకుంటాను. షాట్‌కట్‌లో ఇదే పనికి క్లిప్‌ని రెండుసార్లు పెట్టి, ప్రాపర్టీస్‌లో ట్రాక్ మార్చుకోవాలి. అవుతుంది గానీ విసుగు.

రిజాల్వ్‌తో నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను, మీరు చెయ్యకండి. కొత్త ప్రాజెక్ట్ మామూలుగా 24 ఫ్రేములతో తెరుచుకుంటుంది. మొదటి క్లిప్ వెయ్యగానే ఫ్రేమ్ రేటు మార్చాలా అని అడిగితే చదవకుండా వద్దని కొట్టేశాను. 60లో తీసిన మ్యాచ్ గతుకుల రోడ్డు మీద ఆటోలా వచ్చింది. టైమ్‌లైన్ మీద పని మొదలయ్యాక ప్రాజెక్ట్ రేటు మార్చనివ్వదు, రాత్రంతా చేసిన ఎడిట్ మళ్లీ మొదటినుంచి చేసుకున్నాను.

షార్ట్స్ మాత్రమే పెడతానంటే ఈ గొడవంతా ఎందుకు, ఫోన్‌లో కైన్‌మాస్టర్ చాలు, ఫ్రీగా వాడితే వాటర్‌మార్క్ భరించాలంతే. రిజాల్వే కావాలని ఇంట్లో కొత్త లాప్‌టాప్ అడగబోయే ముందు, ఉన్నదాంట్లో గ్రాఫిక్స్ కార్డు ఉండి ర్యామ్ ఒక్కటే తక్కువైతే, ఖాళీ స్లాట్ ఉందేమో అడుగున స్క్రూలు విప్పించి చూడండి.