గ్రానైటా, మార్బులా, తాండూరు బండలా?

ఇల్లు కట్టుకుంటున్న చుట్టాలెవరు ఫోను చేసినా చివరికి వచ్చే ప్రశ్న ఇదే. మొన్న కాకినాడ నుంచి మా చెల్లెలూ అడిగింది. రంగు, ధర సంగతి దుకాణంలోనే చెబుతారు. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: మీ స్నానాల గదిలో యాసిడ్ సీసా ఉందా?

హనుమకొండలో మా బోరు నీళ్లకు బండల మీద తెల్లటి పొర కడుతుంది. దాన్ని వదిలించాలని పనిమనిషి ఒకరోజు తాండూరు బండల మీద యాసిడ్ పోసింది. బుసబుసమని నురగ వచ్చింది. పొర పోయింది, దానితోపాటు నునుపూ పోయింది. తాండూరు బండ సున్నపురాయి. మార్బులూ ఆ కుటుంబానిదే. దాని మీద చారు గిన్నె ఒక పూట ఉంటే చాలు, గుండ్రటి మచ్చ పడుతుంది. అది మరక కాదు, చింతపండు పులుపు రాయిని తిన్న గుర్తు. ఎంత తుడిచినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే.

గ్రానైటుకు ఈ బాధ లేదు. మన కరీంనగర్ గోధుమరంగు రాయైనా సరే, నల్లదైనా సరే. నల్ల గ్రానైటు పేరుతో అమ్మేది చాలావరకు డోలరైటు జాతి రాయి. 1213 నాటి రామప్ప గుడి మదనికలను, అంటే చూరు కింది స్త్రీ శిల్పాలను చెక్కిందీ అలాంటి నల్లరాతిలోనే. అయినా దుకాణం మాట నమ్మకండి. ఒక ముక్క అడిగి తెచ్చుకుని, రాత్రంతా దాని మీద నిమ్మచెక్క పెట్టి చూడండి. ఇంకోచోట నాలుగు నీటి చుక్కలు వేసి పది నిమిషాలు ఆగండి. తడిసిన చోట రంగు ముదిరితే నూనెనూ పీలుస్తుంది, అది ఇంకకుండా ఆపే సీలర్ మందు పట్టించాలి.

కోటా రాయా? అదీ సున్నపురాయే, తాండూరు బండకు చెప్పిందే దానికీ.

చెల్లెలి ఊళ్లో చిక్కు వేరు. సముద్రపు గాలికి తుడిచిన నేల త్వరగా ఆరదు. కింది తేమతోపాటు ఉప్పు పైకి వచ్చి అతుకుల దగ్గర తెల్లటి పొడిలా తేలుతుంది. దాన్ని పొడి బ్రష్‌తో ఊడ్చేయాలి. కడిగితే కరిగి మళ్లీ రాయిలోకే ఇంకుతుంది. పైన మెరుపు పూత వేయిస్తే తేమ లోపలే చిక్కి పూత పొరలుగా లేస్తుంది. రాయిలోకి ఇంకే సీలరే మేలు.

మే నెలలో చల్లగా ఉంటాయని మా ఇంటి నేలకు తాండూరు బండలే ఉంచుకున్నాం, వంటగట్టుకు నల్ల గ్రానైటు. చెల్లెలు హాలుకు తెల్ల మార్బులే కావాలంటోంది. వంటగట్టు వరకు గ్రానైటుకు ఒప్పించగలిగాను.