స్నేహితుడి బొమ్మ: బోర్డు చూసి దించాలా, ఎదుట చూసి గీయాలా, మనసులోంచి వేయాలా?

నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉన్న పిల్లలకు స్నేహితుడి బొమ్మ వేయడం నేర్పాలంటే మన చేతిలో ముఖ్యంగా మూడు దారులున్నాయి. బోర్డు మీద ఒక్కో గీత గీసి చూపిస్తూ అదే దించమనడం ఒకటి. స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి చూసి గీయమనడం ఇంకొకటి. ఎవరినీ చూడకుండా, ఇద్దరూ కలిసి చేసిన ఒక పనిని తలుచుకుని వేయమనడం మూడోది. దేని చోటు దానికుంది. అయితే వేయాల్సింది స్నేహితుడి బొమ్మ అయినప్పుడు మూడూ సమానం కావు.

బోర్డు పద్ధతికి ఆదరణ ఎందుకో తేలిగ్గానే అర్థమవుతుంది. తరగతి నిండా పిల్లలున్నా అందరి కాగితాలూ నిండుతాయి. "నాకు రాదు" అని కాగితం దూరంగా తోసేసే పిల్ల కూడా చివరికి ఒక ముఖం గీసి సంబరపడుతుంది. పెన్సిల్ పట్టు కుదురుతుంది, గుండ్రాన్ని మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలపడం వస్తుంది. దించితే పిల్లల సొంత ఊహ చచ్చిపోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. పిల్లలు ఒకరిది చూసి ఒకరు ఎప్పుడూ దించుకుంటూనే ఉంటారు. ఒక పిల్ల కనురెప్పలు గీస్తే కాసేపట్లో ఆ బల్ల మీది బొమ్మలన్నిటికీ రెప్పలు మొలుస్తాయి. నా అభ్యంతరం వేరే. బోర్డు మీద ఉండేది ఒకటే ముఖం, తరగతిలో ఉన్న స్నేహితులేమో అందరూ వేర్వేరు. కింద రాసిన పేరు చెరిపేస్తే ఎవరి బొమ్మో తెలియకపోతే, అది మనిషి బొమ్మ అవుతుంది గానీ స్నేహితుడి బొమ్మ కాదు. అందుకే మోచెయ్యి ఎక్కడ వంగుతుంది, కూర్చున్న మనిషి కాళ్లు ఎటు పోతాయి అన్నంత వరకు బోర్డు వాడుకోండి. ముఖం మాత్రం బోర్డు మీద గీయకండి.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

ఎదుట కూర్చోబెట్టి గీయించడంలో గొప్ప లాభం, పిల్లలు స్నేహితుణ్ణి నిజంగా చూడటం. రోజూ పక్కనే కూర్చునే పిల్ల జుట్టు ఎటు పాపిడి తీసి ఉంటుందో వాళ్లు ఎప్పుడూ గమనించి ఉండరు. కళ్లను నుదుటి పైకి ఎక్కించేయడం దాదాపు పిల్లలందరూ చేసే పని. నిజానికి కళ్లు తల ఎత్తులో సుమారు సగం దగ్గర ఉంటాయి, చిన్నపిల్లల్లో ఇంకొంచెం కిందికే. ఈ కొలత నోటితో చెబితే ఎక్కదు. "ఆమె చెవి కంటికి పైనుందా, కిందుందా? వేలితో గాలిలో చూపించు" అంటే ఎక్కుతుంది. తల మరీ పెద్దగా వేశారని మాత్రం దిద్దకండి. అయిదారేళ్ల పిల్లల తల వాళ్ల ఎత్తులో సుమారు 6వ వంతు ఉంటుంది. పెద్దవాళ్ల బొమ్మలు చూసి అలవాటుపడిన మన కంటికే అది ఎక్కువగా తోస్తుంది.

ఇంత లాభమున్నా ఈ దారికి వయసు అడ్డొస్తుంది. చిన్నపిల్లలు కంటికి కనబడినది కాక తమకు తెలిసినది గీస్తారని పిల్లల బొమ్మలను పరిశీలించిన ఫ్రాన్స్ పరిశోధకుడు లూకే 1927 నాటికే రాశాడు. 1972లో ఫ్రీమన్, జానికౌన్ అనే ఇద్దరు పరిశోధకులు 5 నుంచి 9 ఏళ్ల పిల్లల ముందు ఒక కప్పు పెట్టారు. దాని పిడి అవతలికి తిరిగి ఉంది, మీద వేసిన పువ్వు ఇవతలికి కనబడుతోంది. చిన్నవాళ్లు కనబడని పిడిని గీశారు, కనబడే పువ్వును చాలావరకు వదిలేశారు. వాళ్లలో పెద్ద పిల్లలు చూసినట్టే గీశారు. కాబట్టి పక్కకు తిరిగి కూర్చున్న స్నేహితుడికి అయిదేళ్ల పిల్లాడు రెండు కళ్లూ పెడితే వాడు సరిగా చూడలేదని కోప్పడకూడదు. మనిషికి రెండు కళ్లని వాడికి తెలుసు, అంతే. ఈ వయసువాళ్లకు స్నేహితుణ్ణి తిన్నగా ఎదురుగా కూర్చోబెట్టడం మేలు. అదీ రెండు మూడు నిమిషాలే; అంతకు మించి కదలకుండా కూర్చోవడం కూర్చున్న పిల్లకు శిక్ష అవుతుంది.

ఇంకో జాగ్రత్త కూడా కావాలి. చూసి గీయమంటే పిల్లలు లావు, నలుపు, ఎత్తుపళ్లు అన్నీ పైకే అనేస్తారు. రంగు విషయం మొదటే తేల్చుకోండి. లేత గులాబీ క్రేయానును "స్కిన్ కలర్" అని పిలవడం మానేయాలి. అలాంటి రంగుకు క్రేయోలా కంపెనీ తాను పెట్టిన "ఫ్లెష్" అనే పేరును 1962లోనే తీసేసి "పీచ్" అని మార్చింది. గోధుమ రంగులు నాలుగైదు రకాలు బల్ల మీద పెట్టి, క్రేయానును స్నేహితుడి చేతి పక్కన ఆనించి సరిపోయింది ఎంచుకోమనండి. అప్పుడు రంగు ఎగతాళి మాట కాకుండా వెతుక్కునే పని అవుతుంది.

మనసులోంచి వేసే బొమ్మ దారి వేరు. మూడు నాలుగేళ్ల వాళ్లు తలకే కాళ్లు తగిలించేస్తారు, కడుపు ఉండదు. కడుపుంటుందని తెలియక కాదు. "ఇప్పుడు తల, తర్వాత పొట్ట, తర్వాత చేతులు" అని మనం ఒక్కోటీ పేరు చెబుతూ పోతే చాలామంది అన్నీ గీస్తారు. అయితే ఈ పద్ధతిలో గట్టి పని గీయడానికి ముందే జరుగుతుంది, మాటల్లో. "నీ స్నేహితుణ్ణి గీయి" అని ఊరుకుంటే నవ్వుతున్న గుండ్రం ఒకటి వస్తుంది. "మీరిద్దరూ నిన్న ఏం ఆడారు? ఎవరు ముందు పరిగెత్తారు? వాడు పడినప్పుడు నువ్వెక్కడున్నావు?" అని అడిగి, ఆ తర్వాత కాగితమిస్తే ఇద్దరు మనుషులు వస్తారు, మధ్యలో బంతి వస్తుంది, మోకాలి మీద ఎర్రటి చుక్క వస్తుంది. ఎదుట కూర్చున్న మనిషిని చూసి గీస్తే ఆ మోకాలి చుక్క ఎన్నటికీ రాదు. నా దృష్టిలో స్నేహితుడి బొమ్మకు ప్రాణం అదే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. స్నేహితుణ్ణి చిన్నగా, మూలకు గీశాడని మనస్తత్వం లెక్కలు వేయకండి. చాలాసార్లు మొదటి మనిషి తల పెద్దదై, రెండోవాడికి కాగితంలో చోటు మిగలదు.

కాబట్టి నా తీర్పు ఇది. ఆరేళ్లు నిండే దాకా మాట్లాడించి మనసులోంచి వేయించడమే మేలు. ఆరేడేళ్ల తర్వాత రెండూ కలపాలి: ఒకరోజు ఎదుట చూసి ముఖం గీయించి, మర్నాడు ఆ కాగితం దాచేసి, అదే స్నేహితుడితో ఆడిన ఆటను తలుచుకుని వేయమనాలి. నిన్న చూసిన పాపిడి, కళ్లజోడు ఇవాళ్టి ఆటలోకి వాటంతటవే వచ్చి చేరతాయి. ఫొటో మీద కాగితం పెట్టి అచ్చు దించడం వల్ల చేతికి సాధన తప్ప పెద్దగా దక్కేదేమీ లేదు. స్నేహితుడు వేరే ఊరు వెళ్లిపోతే ఫొటో చూపించవచ్చు, కాకపోతే చూసి పక్కన పెట్టాకే గీయించండి.

బొమ్మ పూర్తయ్యాక దాన్ని ఆ స్నేహితుడికే ఇప్పించండి. "నాలా లేదు" అంటాడు, తప్పకుండా అంటాడు. గీసిన పిల్ల ముఖం చిన్నబోకముందే "ఇంకేం చేరిస్తే నీలా ఉంటుంది?" అని వాణ్ణే అడగండి. "నా ముందు పన్ను ఊడింది కదా" అంటే, ఆ ఖాళీ గీసే పని గీసిన పిల్లకే వదిలేయండి. పెన్సిల్ మీరు అందుకోకండి.