అమ్మమ్మ కడియంలోంచి ఐదు జతల కమ్మలు: కరీంనగర్ ఫిలిగ్రీ పని మీద నా రివ్యూ

ముందే చెప్తున్నా, షాపు పేరు అడక్కండి. రాస్తానంటే ఈ ఫిలిగ్రీ (సన్నటి వెండి తీగల అల్లిక) పని చేసిన పెద్దాయనే వద్దన్నాడు, చేతిలో ఉన్న ఆర్డర్లకే కళ్లు చాలడం లేదట. అయినా ఇంట్లో పోయినవాళ్ల పాత వెండి ఉండి, దాన్ని ఏం చేయాలో తేలక సందుగలో దాచుకున్నవాళ్లు చాలామందే ఉంటారు కదా, వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

మా అమ్మమ్మ పోయి రెండేళ్లయింది. ఆమె కాళ్ల కడియాలు ఒక జత మిగిలాయి. బోలువి కాదు, గట్టి వెండి. మోకాళ్లు వాచిపోయాక, డెబ్బై దాటిన తర్వాత, సబ్బునీళ్లు పోసి మెల్లగా లాగి తీశారు. తీసినా చీలమండ చుట్టూ ఒరుసుకున్న నల్లటి చార మాత్రం పోయేదాకా అట్లాగే ఉంది, చూస్తే ఇంకా కడియం ఉన్నట్టే అనిపించేది. "నలభై తులాలు" అని చెప్పుకునేది, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ.

ఆమె పోయాక పంపకాల మాట వచ్చింది. అమ్మేసి తలా ఇంత తీసుకుందాం అన్నాడు మామయ్య, పెద్దమ్మ ఏడ్చింది, చిన్నమ్మ అలిగింది, ఆ సంగతంతా ఇక్కడెందుకు. చివరికి ఒక కడియం అట్లాగే మామయ్య ఇంట్లో ఉండాలి, రెండోదాంతో ఆడవాళ్లం ఐదుగురం ఏదో ఒకటి చేయించుకోవాలి అని తెగింది. బాధ్యత నా మీద పడింది.

మొదట హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపుకి వెళ్లా. గీసి చూడకుండానే "పాత వెండి మేడం, ముప్పై శాతం పోతుంది" అన్నారు, అది ఇచ్చేసి అద్దాల్లో ఉన్న కొత్త డిజైన్ తీసుకోమన్నారు. మా వెండితోనే చేయరా అని అడిగితే, "ఏ వెండైనా వెండే కదా మేడం" అని నవ్వాడు సేల్స్ అబ్బాయి. వాళ్ల వ్యాపారం అదే, తప్పనను. కానీ కడియం మళ్లీ బ్యాగులో పెట్టుకుని వచ్చేశా.

కరీంనగర్ మా అమ్మమ్మ వాళ్ల జిల్లానే అయినా ఫిలిగ్రీ అంటే నాకు తెలిసింది షోకేసుల్లో పెట్టే పాన్‌దాన్లు, అత్తరుదాన్లు, నెమళ్లు, అంతే. ఎలగందులలో మొదలై కరీంనగర్‌కి వచ్చిన పని అది, 2007లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా చోటి సరుకే అని చెప్పే ముద్ర) కూడా వచ్చింది. కమ్మలు, లాకెట్లు చేస్తారని మాత్రం ఆఫీసులో ఒకామె చెవులకి చూసేదాకా తెలియదు. ఆమె ద్వారానే ఈ పెద్దాయన దొరికాడు. షాపంటే షాపు కూడా కాదు, ఇంటి ముందు గది. ఒక కుంపటి, చిన్న టేబుల్ ఫ్యాను (మంట ఊదేటప్పుడు అదీ బంద్), గోడకి దేవుడి క్యాలెండర్.

కడియాలు రెండూ పట్టుకెళ్లా. కాటాలో పెడితే 458 గ్రాములు. నేను గబగబా లెక్కేసి, నలభై తులాలంటే నాలుగు వందలే కదా, ఎక్కువుందే అన్నా. ఆయన నవ్వి, "పది గ్రాముల తులం మీదమ్మా, మీ అమ్మమ్మది పాత తులం" అన్నాడు. పాత తులం అంటే 11.66 గ్రాములు. ఆ లెక్కన 466 రావాలి. మరి మిగతా ఎనిమిది గ్రాములు? ఆయన కడియం తిప్పి లోపలివైపు చూపించాడు. మడమ దగ్గర అంతా అరిగి, వేలు పెడితే జారేంత నున్నగా ఉంది, పైన నగిషీ గీతలు కూడా ఒక పక్క అసలు లేవు. యాభై ఏళ్లు నాట్లకీ కోతలకీ తిరిగిన కాళ్లు మరి.

ఇక అసలు సంగతి, స్వచ్ఛత. ఆకురాయితో అంచు కొంచెం రాసి, అక్కడ చుక్క ఆసిడ్ వేసి చూసి, రాగి బాగానే ఉందన్నాడు. కడియం వంగకుండా గట్టిగా ఉండాలని ఆ రోజుల్లో కలిపేవాళ్లట. ఫిలిగ్రీకి మాత్రం దాదాపు మేలిమి వెండి కావాలి, లేకపోతే తీగ సాగదు, మధ్యలోనే తెగుతుంది. కాబట్టి శుద్ధి చేయించక తప్పదు, తూకం తగ్గుతుంది. ఇది ముందే చెప్పాడు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఇంకో మాట కూడా చెప్పాడు: "కడియం మొత్తం ఎందుకు కరగబెడ్తవ్ బిడ్డా, కమ్మలకు ఒక ముక్క సాలు." 80 గ్రాములే కోశాడు. శుద్ధయ్యాక 61 వచ్చింది.

శుద్ధి చేసే చోటికి నేనూ వెళ్లా. పొగకి కళ్లు మండి రెండు గంటలు బయటే నిలబడ్డా, కాబట్టి లోపల మా వెండి మారలేదని ప్రమాణం చేసి చెప్పలేను. అనుమానం ఉన్నవాళ్లు కళ్లజోడు పెట్టుకుని లోపల కూర్చోండి, ఆయన వద్దనడు.

పని మాత్రం చూసి తీరాలి. వెండి కడ్డీని కమ్మచ్చులో (వరసగా కంతలున్న పలకలో) పెద్ద కంతలోంచి చిన్న కంతలోకి లాగుతూ లాగుతూ వెంట్రుకంత తీగ చేస్తారు. రెండు తీగలు కలిపి మెలేసి, అణిచి, శ్రావణంతో (చిన్న పటకారుతో) వంపులు తిప్పుతూ లావు తీగతో కట్టిన చట్రంలో ఇరికిస్తారు. తర్వాత వెలిగారం, అతుకు పొడి వేసి మంట. క్షణం ఎక్కువైతే తీగలన్నీ ముద్దైపోతాయి. నా ముందే ఒకటి అట్లా పోయింది, ఆయన చిన్నగా తిట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

డిజైన్‌కి నేను పట్టుకెళ్లింది అమ్మమ్మ ముంజేతి మీది పచ్చబొట్టు ఫొటో. మధ్యలో తులసికోట లాంటి గీతలు, చుట్టూ చుక్కలు. ముడతలు పడ్డాక కోట ఒక పక్కకి ఒరిగిపోయింది. ఆయన ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూసి, "వంకర తియ్యాల్నా, ఉంచాల్నా?" అని అడిగాడు. ఉంచమన్నా. గీతలకి తీగ, చుక్కలకి చిన్న చిన్న వెండి గుండ్లు.

ఇప్పుడు ఫిర్యాదులు. మూడు వారాలన్నది ఏడు వారాలైంది. ఫోన్ ఎత్తడు, ఎత్తితే "రేపు" అంటాడు. ఐదు జతలకి మజూరీ పదకొండు వేలు, శుద్ధి ఖర్చు వేరు. ఇంత వెండికి ఇంత మజూరీయా అని మా ఆయన అన్నాడు, పని చూశాక ఇంకేం అనలేదు. బిల్లు తెల్లకాగితం మీదే, హాల్‌మార్క్ ముద్ర లేదు. ఒక జతకి వెనకవైపు తీగ కొస పైకి లేచి చిన్నమ్మ పట్టుచీర కొంగు లాగేసింది, దానికి మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. తీసుకునేముందు మెత్తటి గుడ్డ మీద రాసి చూసుకోండి, తెలిసిపోతుంది.

ఇంటికొచ్చాక చింతపండు పెట్టి తోమకండి, తీగలు ఒంగుతాయి. పలచటి కుంకుడు రసం, మెత్తటి బ్రష్ చాలు. రబ్బరు బ్యాండు చుట్టి పెడితే నల్లబడతాయి, నాకు అనుభవమే.

జత 11 గ్రాముల చొప్పున ఐదు జతలు, మొత్తం 55. పనిలో ఒక మూడు పోగా మిగిలిన మూడు గ్రాముల ముక్కని కాగితంలో మడిచి చేతిలో పెట్టాడు, నేను అడగనైనా అడగలేదు.

పెద్దమ్మ రోజూ పెట్టుకుంటోంది. అమ్మ మాత్రం డబ్బా తెరిచి, కమ్మ అరచేతిలో వేసుకుని, వేలితో చుక్కలు ఒక్కొక్కటే తడిమింది. "ఏడు కదే ఉండాలి, ఆరే చేయించినవ్" అంది. చిన్నప్పుడు పక్కలో పడుకుని రోజూ లెక్కపెట్టేదట. ఫొటో మళ్లీ చూశాం. ఏడోది ముడతలోకి పోయింది, నీలంగా కొస మాత్రం కనిపిస్తోంది.

చిన్నమ్మ కమ్మ బాగుచేయించడానికి ఎట్లాగూ వెళ్లాలి కదా, ఐదు జతలూ పోగుచేసి పట్టుకెళ్లా. పైసా తీసుకోలేదు. ఆ పొట్లంలో ముక్కలోంచే పది గుండ్లు తీసి, ఒక్కో కమ్మకి ఏడో చుక్క అతికాడు. మధ్యాహ్నానికి అయిపోయింది, టీ కూడా ఇప్పించాడు. పొట్లంలో ఇప్పుడెంత మిగిలిందో తూయలేదు.