ఇంకు పెన్నా, బాల్ పెన్నా?

1884లో వాటర్‌మన్ పేటెంట్ పొందిన ఇంకు పెన్ను కిటుకంతా పాళీ కింది నాలుకలోనే ఉంది. దాని గాడిలో సిరా కిందికి దిగుతుంటే, ఖాళీ అయిన చోటికి గాలి ఎక్కుతుంది. 1938లో హంగరీవాడైన బీరో పేటెంట్ పొందిన బాల్ పెన్నులో జిగట సిరాని చిన్న గుండు దొర్లుతూ కాగితానికి అంటిస్తుంది.

ఖర్చు: ఇంకు పెన్ను ముందు ఖరీదు, తర్వాత సీసా సిరాతో చవక. బాల్ పెన్ను చవకే, రీఫిల్లు అయిపోతే మార్చాలి.

శ్రమ: బాల్ పెన్నుకి నొక్కి రాయాలి. పాళీకి ఆనిస్తే చాలు, కానీ వారాల తరబడి వాడకపోతే సిరా ఎండి గాడి పూడుతుంది. చల్లటి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి, వేణ్నీళ్లు వద్దు. లక్క కలిసిన డ్రాయింగ్ ఇంకు పోస్తే పెన్ను పోయినట్టే!

బాల్ పెన్ను మొండిది. గోడకి ఆనించి పైకి రాస్తే మాత్రం మొరాయిస్తుంది.

పేజీలకి పేజీలు రాసేవాళ్లకి ఇంకు పెన్ను. కార్బన్ కాపీలకి, నాసి కాగితానికి బాల్ పెన్ను.