థర్టీ-థర్టీ మార్లిన్‌కు ఏ గుండు, ఏ పౌడర్: ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

పెన్సిల్వేనియా అడవుల్లో తెల్లతోక జింకల వేటకు నేను చాలా ఏళ్లుగా వాడుతున్నది 1970ల నాటి మార్లిన్ 336, థర్టీ-థర్టీ తూటాకు చేసిన లీవర్ యాక్షన్ (పిడి దగ్గరి లీవర్‌ను కదిపి తూటా ఎక్కించే) రైఫిల్. ఈ రాష్ట్రంలో జింకల మీద సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు వాడనివ్వరు కాబట్టి పాత లీవర్ రైఫిళ్లకు ఇక్కడ ఇంకా పని తగ్గలేదు. థర్టీ-థర్టీ 1895లో విన్‌చెస్టర్ తెచ్చిన తూటా. తూటా అంటే ఇత్తడి కేసు, అందులో పౌడర్, అడుగున దాన్ని వెలిగించే ప్రైమర్, మూతిలో గుండు. వేట లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే తూటాలు నింపుకోవడం మొదలుపెట్టిన తెలుగు మిత్రులు నన్ను మొదట అడిగేది దీని నుంచి ఎంత వేగం రాబట్టవచ్చని. ఈ రైఫిల్ విషయంలో అది చిట్టచివర అడగవలసిన ప్రశ్న. 170 గ్రెయిన్ల (గుండు, పౌడర్ల బరువును గ్రెయిన్లలోనే కొలుస్తారు) చదునుముక్కు గుండు, గరిష్ఠానికి కాస్త దిగువనే ఆపిన పౌడర్, గట్టి క్రింపు (కేసు మూతిని గుండు మీద బిగించి ముడవడం) కుదిరాక నేను వేటాడే అడవిలో ఇంకేమీ కావలసి రాలేదు.

గుండు ఎంపికను శాసించేది మ్యాగజైన్. బ్యారెల్ కింది గొట్టంలో తూటాలు ఒకదాని వెనుక ఒకటి వరుసగా కూర్చుంటాయి. వెనుక తూటా ముక్కు ముందు తూటా ప్రైమర్‌కు ఆనుకుని ఉంటుంది. రైఫిల్ పేలినప్పటి కుదుపుకు మొనదేలిన గుండు ఆ ప్రైమర్‌ను గుచ్చితే గొట్టంలోనే తూటా పేలే ప్రమాదం ఉంది. అందుకే ఈ రైఫిళ్లకు చదునుముక్కు గుండ్లు, లేదా వెడల్పైన గుండ్రని ముక్కు గుండ్లు మాత్రమే వాడతారు. బోల్ట్ యాక్షన్ రైఫిళ్ల మొనదేలిన గుండ్ల వ్యాసం కూడా అదే .308 అంగుళాలు కావడంతో అవి కేసులో ఏ ఇబ్బందీ లేకుండా దిగిపోతాయి, చేతికి తేడా తెలియదు. వాటి డబ్బాలను నేను రీలోడింగ్ బల్ల ఉన్న గదిలోకే రానివ్వను.

కంపెనీ తూటాల్లో 150 గ్రెయిన్ల గుండుకు సెకనుకు 2,390 అడుగులు, 170 గ్రెయిన్ల గుండుకు 2,200 అడుగులు అని ప్రకటిస్తారు. అవి 24 అంగుళాల బ్యారెల్‌తో తీసిన లెక్కలు. నా 20 అంగుళాల బ్యారెల్‌లో అంత రాదు, రావలసిన అవసరమూ లేదు. 150 గ్రెయిన్ల గుండు కాగితం మీద మెరుగ్గా కనిపిస్తుంది, భుజానికి తన్నే దెబ్బ కూడా తక్కువే. కానీ పొదల్లో 40, 50 గజాల దూరంలో భుజం ఎముకకు తగిలినప్పుడు ఒక కంపెనీ మెత్తని 150 గ్రెయిన్ల గుండు అక్కడికక్కడే ముక్కలైపోయి, చర్మం ఒలిచేసరికి ముందు భుజం మాంసమంతా నెత్తురు గడ్డకట్టి పారవేయవలసి వచ్చింది. 170 గ్రెయిన్లది నిదానంగా వెళ్తుంది, ఎక్కువ సార్లు అవతలి వైపు నుంచి బయటపడుతుంది. రెండో రంధ్రం ఉంటే రాలిన ఆకుల మీద నెత్తుటి జాడ పట్టుకోవడం తేలిక. స్పియర్ హాట్-కోర్, హార్నడీ ఇంటర్‌లాక్ గుండ్లు రెండూ నా రైఫిల్‌లో ఒకేలా పనిచేశాయి. నోస్లర్ పార్టిషన్ మంచి గుండే, అయితే తెల్లతోక జింకకు ఆ ఖర్చు దండగ.

హార్నడీ ఎఫ్‌టీఎక్స్ గుండు గురించి వేరుగా చెప్పాలి. దాని మొన మెత్తని పాలిమర్ కావడం వల్ల గొట్టంలో ప్రైమర్‌కు ఆనినా గుచ్చదు, అందుకే మొనదేలిన ఆకారం ఈ రైఫిళ్లకూ వచ్చింది. దాని 160 గ్రెయిన్ల గుండు బాలిస్టిక్ కోఎఫిషియంట్ (గాలిని చీల్చుకుపోయే సామర్థ్యపు కొలత, ఎక్కువైతే మేలు) .330, అదే కంపెనీ 170 గ్రెయిన్ల చదునుముక్కు గుండుది .189. మొక్కజొన్న చేల అంచున కూర్చుని 200 గజాల దూరం చూసేవారికి, రైఫిల్ మీద టెలిస్కోప్ ఉన్నవారికి ఆ తేడా నిజంగా ఉపయోగపడుతుంది. ఖాళీ కేసును పక్కకు విసిరే మార్లిన్ మీద టెలిస్కోప్ బిగించడం సులువు, పైకి విసిరే పాత విన్‌చెస్టర్ 94 మీద కష్టం. ఇనుప సైట్లతో 100 గజాలు దాటి కాల్చని నాకు ఆ లాభం అందలేదు. మాంసంలో సీసం ముక్కలు వద్దనుకునేవారు పూర్తి రాగి గుండు, బార్న్స్ టీఎస్ఎక్స్ చదునుముక్కు రకం, చూడవచ్చు. రాగి తేలిక కాబట్టి అదే బరువుకు గుండు పొడవు పెరిగి, కేసులో పౌడర్‌కు చోటు తగ్గుతుంది.

పౌడర్ ఎన్ని గ్రెయిన్లన్నది ఇక్కడ రాయను. ఆ లెక్క గుండు తయారీదారు మాన్యువల్ నుంచే తీసుకోవాలి, అందులోని కనిష్ఠం దగ్గరే మొదలుపెట్టాలి. ఈ తూటాకు పరిశ్రమ ప్రమాణాల ప్రకారం గరిష్ఠ పీడనం 42,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మాత్రమే, ఆధునిక బోల్ట్ రైఫిళ్ల తూటాల స్థాయి కాదు. ఐఎంఆర్ 3031 అనే పౌడర్ ఈ తూటాకు పాత నమ్మకస్తుడు. కాకపోతే పొడవాటి పలుకుల వల్ల కొలిచే గొట్టంలో ఇరుక్కుంటుంది, ప్రతి మోతాదునూ త్రాసులో తూచవలసిందే. నేను హెచ్4895 అనే పౌడర్ దగ్గర స్థిరపడ్డాను, అది చలికీ వేడికీ అంతగా మారదు. నవంబరు చివర, గడ్డకట్టే చలిలో సీజన్ మొదలయ్యే చోట, వేసవిలో రేంజిలో సరిచూసుకున్న తూటా అప్పుడూ అక్కడే తగలడం నాకు ముఖ్యం.

ఈ తూటా నింపడంలో అసలు శ్రమంతా ఇత్తడి కేసుదే. మార్లిన్ బోల్ట్ (తూటాను వెనుక నుంచి మూసి పట్టే భాగం) వెనుక వైపు లాక్ అవుతుంది, అందువల్ల పేలిన ప్రతిసారీ కేసు కొంత సాగుతుంది. పైగా ఈ కేసు అడుగున ఉన్న అంచు మీద నిలుస్తుంది కాబట్టి సైజింగ్ డైని (పేలిన కేసును తిరిగి కొలతకు నొక్కే అచ్చు) చివరిదాకా బిగించినా తూటా ఛాంబర్‌లో (బ్యారెల్ వెనుక తూటా కూర్చునే చోటు) చక్కగానే కూర్చుంటుంది, కానీ కేసు భుజం (మెడ కింది వాలు) ప్రతిసారీ వెనక్కి పోయి, అడుగుకు కాస్త పైన గోడ పలుచబడుతుంది. పేపర్ క్లిప్‌ను నిటారుగా చేసి, కొసను కొద్దిగా వంచి, కేసు లోపలి గోడ వెంట అడుగు నుంచి పైకి లాగితే ఆ చోట సన్నని గాడి వేలికి తెలుస్తుంది. అలా తెలిసిన కేసు చెత్తబుట్టకే. కేసు పొడవు 2.039 అంగుళాలు మించకూడదు. నేను అన్నింటినీ 2.029కి కోస్తాను. ఇది పట్టింపు కోసం కాదు: క్రింపు డై ఒకే ఎత్తులో ఉంటుంది, అందులోకి పొడవైన కేసు వెళితే కేసు మూతి గుండు గాడిలోకి ముడుచుకోవడం ఆగి, పలుచని మెడ కింద భుజం ఉబ్బుతుంది. కంటికి సరిగా కనిపించని ఆ ఉబ్బు గోటితో నిమిరితే దొరుకుతుంది, లేకపోతే లీవర్ సగంలో ఆగినప్పుడు దొరుకుతుంది.

క్రింపు వదులైతే మ్యాగజైన్ స్ప్రింగు ఒత్తిడికీ, కుదుపుకీ గుండు కేసులోకి జారి పీడనం పెరుగుతుంది. అందుకే సీజన్‌కు ముందు గొట్టం నిండా తూటాలు ఎక్కించి, మొదటి వాటిని కాల్చి, మిగిలినవి బయటకు తీసి కాలిపర్‌తో కొలుస్తాను. ఏ ఒక్కటి పొట్టిదైనా ఆ విడత తూటాలన్నీ గుండు ఊడదీసే సుత్తి కిందికి వెళ్తాయి, క్రింపు డైని ఇంకాస్త కిందికి తిప్పి మళ్లీ నింపుతాను.