గోదావరి లంకలో పసిపిల్లలకి లైఫ్ జాకెట్: కొన్నేళ్లు వాడాక

పిల్లల లైఫ్ జాకెట్ గురించి ఎవర్ని అడిగినా రంగు, ధర, ఎన్ని కిలోల పిల్లలకి సరిపోతుంది అన్నవే చెబుతారు. అవి అట్టపెట్టె మీదే రాసి ఉంటాయి. నేను చెప్పాలనుకున్నది వెనక నుంచి కాళ్ల మధ్యగా వచ్చి ముందు క్లిప్పులో పడే పట్టీ గురించి. రెండు వేళ్ల వెడల్పు నైలాన్ పట్టీ. అమ్మేవాళ్లు దాని ఊసే ఎత్తరు. మా పెద్దాడికని కొన్న జాకెట్‌కి అది ఉంది, ఇప్పుడు ఆ జాకెట్ మా చిన్నమ్మాయి వేసుకుంటోంది. పసిపిల్లల జాకెట్‌కి ఆ పట్టీ లేకపోతే మిగతావి ఎన్ని ఉన్నా దండగ అని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

మాది కోనసీమలో గోదావరి వశిష్ఠ పాయ అవతల ఒక లంక, అంటే చుట్టూ ఏరున్న దిబ్బ. అరటి, కొబ్బరి, కంద, నాలుగు గేదెలు. ఎండాకాలం ఏరు సన్నబడ్డాక రేవులో మట్టితో గట్టు వేస్తారు, అప్పుడు బండి మీదే అవతలికి పోతాం. జులైలో ఎర్రనీరు దిగిందంటే ఆ గట్టు తెగిపోతుంది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక అంటారు కానీ, మా గట్టు పోవడానికి అంత వరద అక్కర్లేదు. ఇక అక్కడి నుంచి ఏరు తగ్గేదాకా బడికైనా, టీకాకైనా, జ్వరం వస్తే ఆసుపత్రికైనా, పుట్టింటికైనా పడవే. ఆ పడవలోనే అరటి గెలలు, పాల క్యాన్లు, మోటారు సైకిళ్లు, వాటి సందుల్లో మేము.

పిల్లల్ని పెంచడానికి లంక మంచి చోటు. లారీలు, బస్సులు లేవు. పొద్దున్న గుమ్మం దాటినవాళ్లు ఎవరింట్లో తింటున్నారో, ఎవరి తోటలో ఆడుతున్నారో వెతుక్కోనక్కర్లేదు, ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. పెద్దాడికి మూడేళ్లకే తాటిముంజెకీ కొబ్బరి లేతకాయకీ ఎవరి చెట్టు కింద నిలబడాలో తెలుసు. ఇదంతా నిజమే. కానీ ఈ మంచి మాటలన్నీ ఏడాదిలో ఎండిన నెలలకి వర్తిస్తాయి. నీళ్లు వచ్చిన నెలల్లో, నడక వచ్చిన పిల్లలున్న తల్లికి టెన్షన్ లేని పూట ఉండదు.

2018 జులై 14న పశువుల్లంక దగ్గర గౌతమి పాయలో ఒక పడవ, కడుతున్న వంతెన స్తంభానికి కొట్టుకుని బోల్తా పడింది. బడి నుంచి ఇళ్లకి వెళ్తున్న ఆడపిల్లలు కొట్టుకుపోయారు. అప్పటికి మా పెద్దాడు చంటిపిల్లాడు. వాడికి నడక వచ్చాక నేను పట్టుబట్టి ఈ జాకెట్ తెప్పించాను. మా అత్తయ్యకి మొదట నచ్చలేదు. లంక పిల్లలకి ఇవన్నీ ఏంటి, మా పిల్లలకి రెండు ఎండు కొబ్బరికాయలు కట్టి కాలవలోకి దింపేవాళ్లం, వారం తిరక్కుండా ఈదేవాళ్లు అనేవారు. ఆవిడ మాటలో అబద్ధం లేదు. మా ఆయన అలాగే నేర్చుకున్నారు. కొబ్బరికాయలు ఈత నేర్పడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. మూడేళ్ల పిల్లాడు పడవ అంచు మీంచి వరదలోకి జారితే పనికి రావు. అది వేరే సంగతి, ఇది వేరే సంగతి.

ఇక 2022 జులై. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక దాటేసింది, చివరికి 25 లక్షల క్యూసెక్కుల పైన వచ్చింది. 1986 వరద చూసిన పెద్దవాళ్లే మంచాలు దూలాలకి కట్టడం మొదలుపెట్టారంటే మాకు అర్థమైపోయింది. గేదెల్ని ముందే ఏటిగట్టు మీదకి తోలేశారు. నీళ్లు వాకిట్లో మోకాలి దాకా వచ్చాక మా కోసం మరపడవ వచ్చింది. చిన్నది అప్పటికి నా ఒళ్లో పాలు తాగే పిల్ల. పెద్దాడికి నాలుగేళ్లు దాటాయి. పడవలో ఇచ్చిన జాకెట్లన్నీ పెద్దవాళ్ల సైజే. మా పక్కింటి పాపకి ఒకటి తొడిగితే మోకాళ్ల కిందకి దిగింది, మెడ దగ్గర ఇంకో మనిషి పట్టేంత సందు. పెద్దాడికి వాడి జాకెట్ వేసి, ఎప్పటిలాగే కింద పట్టీ కూడా బిగించాను.

ప్రయాణం బాగానే సాగింది. దిగేటప్పుడు జరిగింది. ఏటిగట్టు వాలు మీద ఒండ్రు పేరుకుని వెన్న రాసినట్టు ఉంది. సరంగు పడవ ముందు కొసని గట్టుకి ఆనించి పట్టాడు, మా మరిది ముందు దిగి తాడు అందుకున్నాడు. పెద్దాడు ఒక కాలు అంచు మీద పెట్టి రెండోది గట్టు మీద వెయ్యబోతుండగా ప్రవాహం పడవ వెనక భాగాన్ని తోసేసింది. ముందు కొస గట్టు నుంచి జానెడు, మూరెడు అలా విడిపోయింది. వాడు ఆ సందులో పడ్డాడు. చంటిది చేతిలో ఉండి నేను లేవలేని పరిస్థితి. కేక పెట్టానో లేదో కూడా నాకు తెలియదు.

తల ఒక్కసారి మునిగి వెంటనే పైకి వచ్చింది. మెడ వెనక ఫోమ్ ఉంది కాబట్టి మొహం ఆకాశం వైపే ఉంది. పడవ మళ్లీ గట్టు వైపు వస్తోంది, మధ్యలో వాడు. మా మరిది తాడు వదిలేసి బురదలో బోర్లా పడుకుని, జాకెట్ మెడ వెనక ఉండే చేతి పట్టు దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజాడు. పిల్లాడి బరువంతా, తడిసిన బట్టల బరువంతా ఆ ఒక్క పట్టు మీద పడింది. జాకెట్ గడ్డం దాకా ఎగదన్నింది, అక్కడ ఆగిపోయింది. కింద పట్టీ ఆపింది.

తర్వాత సరంగు బాబాయి ఆ జాకెట్‌ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఈ పట్టీ లేకపోతే జాకెట్టొక్కటే చేతికొచ్చేదమ్మా” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. పిల్లాడు మాత్రం ఒక చెప్పు ఏట్లో పోయిందని ఏడ్చాడు. ఆ రాత్రి బడిలో పడుకోబెట్టినప్పుడు చూశాను, రెండు తొడల లోపలి వైపు పట్టీ ఒరుసుకున్న ఎర్రటి చారలు. వాటికి కొబ్బరినూనె రాసి అలాగే కూర్చుండిపోయాను.

అందులో మహిమేం లేదు. పసిపిల్లలకి పొట్ట ముందుకి, భుజాలు సన్నం, నడుము దగ్గర జాకెట్ ఆగడానికి ఏమీ ఉండదు. చేతులు పైకి ఎత్తగానే, లేదా ఎవరైనా పైకి గుంజగానే, జాకెట్ తల మీదుగా వచ్చేస్తుంది. కింద నుంచి పట్టి ఉంచేది ఒకటి కావాలి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకి వేస్తే అయితే చెప్పనే అక్కర్లేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగాక జాకెట్లు వేసుకోవాలన్న మాట అన్ని రేవుల్లోనూ గట్టిగా వినబడింది. మంచిదే. కానీ నేను ఎక్కిన పడవల్లో పిల్లల సైజు ఒక్కటంటే ఒక్కటి కనబడలేదు. వరసగా వేలాడుతుంటాయి, అన్నీ పెద్దవే. ముందు మునిగేది చిన్నవాళ్లయితే, చిన్న సైజులు ఎందుకు ఉంచరు? ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇప్పుడు ఇబ్బందులు కూడా చెప్పాలి. పట్టీ అంటే నాకెంత ప్రాణమో పిల్లలకి అంత చిరాకు. ఏరు మధ్యలో ఒంటికి వస్తుందంటారు, అప్పుడు పట్టీ విప్పి, జాకెట్ విప్పి, అదంతా పడవ ఊగుతుండగా. అందుకని రేవులోనే ఆ పని ముగించి ఎక్కించడం అలవాటు చేసుకున్నాం. పొట్టి నిక్కరు మీద బిగిస్తే తొడలు ఒరుసుకుపోతాయి, మోకాళ్ల దాకా ఉండే నూలు నిక్కరు వేస్తే నయం. చిన్నదానికి గౌను ఉంటే పట్టీ కుదరదు, లోపల ప్యాంటు వేయాల్సిందే. క్లిప్పులో ఒండ్రు చేరితే బిగుసుకుపోయి పెద్దవాళ్ల వేళ్లకి కూడా ఊడదు. ఇంటికి రాగానే బిందెడు మంచినీళ్లలో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే సరి.

ఆరడం పెద్ద సమస్య. సరిగ్గా వాడే కాలంలోనే ఎండ ఉండదు. తడి లోపల ఉండిపోయి ముక్కిపోయిన వాసన వస్తుంది, పిల్లలు మొహం తిప్పేసుకుంటారు. పొయ్యి దగ్గర మాత్రం ఆరేయకండి, వేడికి ఫోమ్ పాడవుతుంది. నీడలో గాలికి వేలాడదీయడమే. రంగు కూడా వెలిసిపోయింది. కొత్తలో దూరం నుంచి నిప్పుకణికలా కనబడేది, ఇప్పుడు ఎర్రనీళ్ల రంగులో కలిసిపోతోంది. భుజాల మీది మెరిసే పట్టీలు ఇంకా ఉన్నాయి కాబట్టి చీకటి పడే వేళ టార్చి వేస్తే తెలుస్తుంది.

మెడ వెనక చేతి పట్టు గురించి పైన అంత చెప్పాను కదా. ఆ రోజు తర్వాత దాని ఒక వైపు కుట్టు వదులైంది. అమ్మిన కంపెనీకి ఫొటోలు పంపితే గ్యారంటీ గడువు అయిపోయిందన్నారు, పిల్లాడు ఎలా ఉన్నాడని అడగలేదు. అవతలి ఊళ్లో బస్తాలు కుట్టే ఆయన నైలాన్ దారంతో కుట్టి ఇచ్చాడు. గట్టిగానే ఉంది, నేను దాన్ని పట్టుకుని చిన్నదాన్ని ఎత్తి చూస్తుంటాను. అయినా కొత్తదాని మీద ఉన్న నమ్మకం దీని మీద లేదని ఒప్పుకోవాలి. ఈసారి కొనేవాళ్లు పట్టుకి రెండు వరసల కుట్టు ఉందో లేదో చూసుకోండి.

కొనే ముందు ఇంకో రెండు మాటలు. వయసు చూడకండి, బరువు చూడండి. తొడిగి, అన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తండి. చెవుల దాకా లేచిందంటే అది మీ పిల్లల సైజు కాదు. పెట్టె మీద తేలే బలం 50 (న్యూటన్లు) అని ఉంటే అది ఈత వచ్చినవాళ్లకి ఆసరా మాత్రమే. పసివాళ్లకి కనీసం 100 అని ఉన్నది, మెడ వెనక దిండులాంటి ఫోమ్ ఉన్నది కావాలి, మొహాన్ని పైకి తిప్పేది అదే. గాలి ఊదే చేతి పట్టీలు ఆటకి తప్ప దేనికీ కావు. సంక్రాంతి వెళ్లాక ఏరు తేటపడి నడుము లోతు ఉన్నప్పుడు పిల్లల్ని జాకెట్‌తో నీళ్లలో పెట్టి, చేతులు దగ్గరే ఉంచి, గడ్డం నీళ్ల పైన ఉంటోందో లేదో చూడండి. మేము ఏటా చూస్తాం. పిల్లలకి అది పండగ, నాకు ధైర్యం. ఇంకొకటి, పడవలో బల్ల తడిగా ఉందని జాకెట్‌ని కింద వేసుకుని కూర్చునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నలిగి చదునైపోయిన ఫోమ్ సరిగ్గా తేలదు. దయచేసి అలా చేయకండి.

మరి కొనమంటారా అంటే, మా పరిస్థితి చెబుతాను, మీరే చూసుకోండి. మా రేవు దగ్గర ఏరు మరీ వెడల్పు కాదు, దాటేది చిన్న పడవలో, నాకు ఈత రాదు, మా ఆయన ప్రతిసారీ తోడు రాలేరు. ఇలాంటి ఇంట్లో అది ఉండి తీరాలి. కోటిపల్లిలోలా, సఖినేటిపల్లిలోలా పెద్ద పంటు (బళ్లు కూడా ఎక్కే బల్లకట్టు) మీద దాటేవాళ్లకి ఇంత అవసరం అనిపించకపోవచ్చు. నా మటుకు అక్కడ కూడా వేస్తాను, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ప్రమాదం ఒకటే కాబట్టి. ఎంత మంచి జాకెట్ వేసినా పిల్ల చెయ్యి వదలకూడదు, వరద పోటు మీద ఉంటే అసలు కదలకుండా ఉండటమే మేలు.

పెద్దాడికి నిరుడు పై సైజు కొన్నాం. దానికి కింద పట్టీ లేదు, ఆ సైజులో దొరకలేదు. కుట్టిద్దామంటే సూది ఫోమ్ దాకా దిగుతుందేమోనని మానుకున్నాం. వాడికి ఇప్పుడు కాస్త ఈత వచ్చు, మా అత్తయ్యే దగ్గరుండి కొబ్బరికాయలు కట్టి నేర్పించారు, అందువల్ల నెట్టుకొస్తున్నాం. ఈ జులై లోపు మార్చాలి. రెండు తొడలకీ విడివిడిగా పట్టీలు ఉన్న రకం ఒకటి చూశాను. ఏడేళ్ల పిల్లలకి అది వాడినవాళ్లెవరైనా ఉంటే, తడిసినప్పుడు ఒరుసుకుంటుందా, క్లిప్పుల్లో ఒండ్రు చేరినా ఊడుతున్నాయా, ఈ రెండూ చెప్పండి చాలు.